ఒక్క బటన్ దూరంలో ఆగిపోయిన చందా



మీలో పాడ్‌కాస్టులు వినే అలవాటున్నవాళ్లు కొందరైనా ఉంటారు. ఒక కథల కార్యక్రమం నచ్చుతుంది. దాని పక్కనున్న 'ఫాలో' బటన్ నొక్కుతారు. అంతే. ఆ తర్వాత కొత్త భాగం వచ్చినప్పుడల్లా అదే మీ ఫోన్‌లోకి వచ్చి కూర్చుంటుంది. కార్యక్రమం చేసేవాళ్లకు మీరు ఫోన్ నంబరు ఇవ్వలేదు, ఈమెయిల్ ఇవ్వలేదు, వాళ్ల గ్రూపులో చేరలేదు. మీ పేరు కూడా వాళ్లకు తెలియదు. వద్దనుకున్న రోజు అదే బటన్ మళ్లీ నొక్కితే రావడం ఆగిపోతుంది. ఎందుకు మానేస్తున్నారని అడిగేవాళ్లుండరు.

చాలామటుకు ఆ బటన్ వెనక పనిచేసేదాన్ని వెబ్ ఫీడ్ అంటారు. అది పాడ్‌కాస్టుల కోసం పుట్టింది కాదు. వార్తలు, వ్యాసాలు, ప్రకటనలు, అంటే రాతల కోసం పుట్టింది. మాటలు తర్వాత వచ్చి చేరాయి. తీరా చూస్తే మాటల దగ్గర కోట్లమంది చేతుల్లోకి వెళ్లింది, రాతల దగ్గర మాత్రం కంప్యూటర్ పని తెలిసినవాళ్ల వస్తువుగా మిగిలిపోయింది. ఏర్పాటు ఒకటే, గతులు మాత్రం రెండు. ఎందుకిలా జరిగింది, రాతల ఫీడ్ కూడా మామూలు మనిషికి అంత సులువుగా అందాలంటే ఏం చేయాలి అన్నదే ఈ పూట నా ప్రసంగం.

ముందు ఫీడ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఒక వెబ్‌సైటు తన కొత్త రాతల జాబితాను ఒక చిన్న ఫైలులో పెట్టుకుంటుంది. అందులో శీర్షిక, లింకు, తేదీ, కింద నాలుగు వాక్యాలో పూర్తి వ్యాసమో ఉంటాయి. ఆ ఫైలు మనం చదవడానికి కాదు, యంత్రం చదవడానికి. మీ ఫోన్‌లో ఫీడ్ రీడర్ అనే యాప్ ఉంటే, అది గంటకో రెండు గంటలకో ఆ ఫైలు దగ్గరికి వెళ్లి 'కొత్తగా ఏమైనా చేరిందా' అని అడుగుతుంది. చేరకపోతే సర్వర్ 'లేదు' అని పొట్టి జవాబిచ్చి ఊరుకోవచ్చు, ఫైలంతా మళ్లీ పంపనక్కర్లేదు. అందుకే డేటా ఖర్చు నామమాత్రం. కొత్తది చేరితే తెచ్చి మీ ముందు పెడుతుంది. మీకు నచ్చిన పాతిక సైట్ల కొత్త రాతలు ఒకేచోట, తేదీల వరసలో కనబడతాయి. ఏది పైన చూపాలి, ఏది దాచాలి అని మధ్యలో ఏ కంపెనీ తీర్పు చెప్పదు. ఫేస్‌బుక్‌లో ఒక పత్రిక పేజీని ఫాలో అయినంత మాత్రాన దాని ప్రతి పోస్టూ మనకు కనబడుతుందన్న హామీ లేదు. ఫీడ్‌లో కనబడుతుంది.

దీనికి ఆర్.ఎస్.ఎస్. అని ఒక పేరుంది. మన దేశంలో ఆ మూడక్షరాలకు వేరే అర్థం స్థిరపడింది కాబట్టి ఈ ప్రసంగమంతా ఫీడ్ అనే అంటాను.

1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీ తన పాఠకుల సొంత పేజీ 'మై నెట్‌స్కేప్' కోసం దీన్ని తయారుచేసింది. చేసినవాళ్లలో ఒకరు రామనాథన్ గుహా, మద్రాసు ఐఐటీలో చదివినవారు. రెండోవారు డాన్ లిబ్బీ. కొద్దికాలానికే నెట్‌స్కేప్ దాన్ని పట్టించుకోవడం మానేసింది. బిడ్డ ఎవరిదన్న తగాదా మొదలైంది. 2000 డిసెంబరులో ఒక బృందం ఒక రూపం ప్రకటించింది. ఆ బృందంలో ఆరన్ స్వార్ట్జ్ అనే పధ్నాలుగేళ్ల కుర్రాడు కూడా ఉన్నాడు. అదే నెలలో డేవ్ వైనర్ అనే ప్రోగ్రామర్ ఇంకో రూపం తెచ్చారు. 2002లో వైనరే దాన్ని మరింత సరిచేశారు. ఈ రెండూ వద్దని మూడోవాళ్లు ఆటమ్ అని ఇంకోటి తయారుచేసి, 2005 చివరికి ఇంటర్నెట్ ప్రమాణంగా నిలబెట్టారు.

ఈ గొడవ పాఠకుడికి అక్కర్లేదు, నిజమే. కానీ దాని ఫలితం వచ్చి పడింది పాఠకుడి నెత్తినే. అప్పటి సైట్ల మీద నారింజ రంగు బటన్లు రెండు మూడు వరసగా ఉండేవి, ఒక్కోదాని మీద ఒక్కో రూపం పేరు. వాటి పక్కనే ఫలానా రీడర్‌లో కలుపుకోండి, ఇంకో రీడర్‌లో కలుపుకోండి అని మరో అరడజను చిన్న బొమ్మలు. ఏదో ఒకటి నొక్కుదాం అని నారింజ బటన్ నొక్కితే తెర నిండా కోణపు బ్రాకెట్లు, యంత్రాల గీతలు. చూసినవాళ్లు సైటు పాడైపోయిందనుకుని వెనక్కి వెళ్లిపోయేవాళ్లు. అసలు చేయవలసిందేమిటంటే, ఆ పేజీ చిరునామాను పైనుంచి కాపీ చేసుకుని, రీడర్ తెరిచి, అందులో 'కలుపు' అన్నచోట అతికించాలి. ఈ సంగతి చెప్పేవాళ్లెవరు?

తర్వాత కొన్నాళ్లు మంచికాలం నడిచింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వాళ్లు ఒక గుర్తు గీయించారు. నారింజ చతురస్రం మీద మూలనుంచి అలలు లేస్తున్నట్టుండే ఆ బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. 2005 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ కూడా అదే గుర్తు వాడతానంది. పోటీదారులిద్దరు ఒకే గుర్తుకు ఒప్పుకోవడం కంప్యూటర్ల లోకంలో అరుదు. 2006 అక్టోబరులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఏడో రూపం, ఫైర్‌ఫాక్స్ రెండో రూపం వచ్చాయి. సైటుకు ఫీడ్ ఉంటే బ్రౌజర్లోనే ఆ గుర్తు వెలిగేది. నొక్కితే యంత్రాల గీతలకు బదులు, చక్కగా చదువుకోగలిగే పేజీ, పైన చందా చేరమని ఒక బటన్. అంటే 2006లో ఫీడ్‌కు చందా చేరడం ఇవాళ్టికన్నా సులువు. ఇరవై ఏళ్లలో ముందుకు పోవలసిన పని వెనక్కి నడిచింది.

ఎలాగంటే, 2011లో ఫైర్‌ఫాక్స్ ఆ గుర్తును చిరునామా పట్టీ నుంచి తీసేసింది. 2012లో ఆపిల్ వాళ్ల సఫారీ ఫీడ్లు చదవడం మానేసింది. 2013 జులై 1న గూగుల్ తన రీడర్‌ను మూసేసింది. ఫీడ్లు చదివేవాళ్లలో చాలామందికి అదే ఇల్లు. 2018 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ మిగిలిన ఏర్పాట్లు కూడా ఎత్తేసింది. క్రోమ్ అయితే మొదటినుంచీ వీటి జోలికి పెద్దగా రాలేదు. ఇవాళ మీరు క్రోమ్‌లో ఒక ఫీడ్ లింకు నొక్కి చూడండి. అవే కోణపు బ్రాకెట్లు, వాటి పైన 'ఈ ఫైలు అలంకరణకు సంబంధించిన సమాచారమేదీ కనబడలేదు' అన్న అర్థంలో ఒక ఇంగ్లీషు వాక్యం.

వాడేవాళ్లు చాలా తక్కువ, నిర్వహణ బరువు ఎక్కువ అని బ్రౌజర్ల వాళ్లు చెప్పుకున్నారు. వాడేవాళ్లు తక్కువన్నది అబద్ధం కాదు. కానీ గుర్తు దాచేసి, తలుపు మూసేసి, ఎవరూ రావడం లేదనడం ఎలా ఉంది? పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు.

ఇప్పుడు పాడ్‌కాస్టుల వైపు చూద్దాం. 2000 చివర్లోనే డేవ్ వైనర్ ఫీడ్‌లో ఆడియో ఫైలును జోడించే వీలు కల్పించారు. కొన్నేళ్లు అదీ సాంకేతిక మిత్రుల సరదాగానే ఉండిపోయింది. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులను చేర్చింది. ఫీడ్ లోపలి నిర్మాణాన్ని తిరగరాయలేదు. దాన్ని కనబడకుండా చేసింది, అంతే. చిరునామా కాపీ చేయడానికి బదులు పేరు కొట్టి వెతుక్కోవచ్చు, దొరికినదాని పక్కన బటన్ నొక్కొచ్చు. పాడ్‌కాస్ట్ వినేవాళ్లలో నూటికి తొంభై మందికి ఫీడ్ అన్న మాట తెలియదని నేను ధైర్యంగా అంటాను, తెలియనక్కర్లేదు కూడా. 2021లో ఆపిల్ ఆ బటన్ మీద 'సబ్‌స్క్రైబ్' తీసేసి 'ఫాలో' అని పెట్టింది. సబ్‌స్క్రైబ్ అంటే డబ్బు కట్టాలేమో అని జనం వెనకాడతారు మరి. మన దగ్గర చందా అన్నా అంతే, ముందు చెయ్యి జేబు మీదికి పోతుంది. తెలుగు సైటు పెట్టేవాళ్లు ఆ బటన్ మీద 'కొత్తవి నాకు పంపండి' అనో 'ఉచితంగా తెప్పించుకోండి' అనో రాస్తే నయం.

రాతలకు ఆపిల్ లాంటి పెద్ద దిక్కు దొరకలేదు కాబట్టి ఇంకో దారి వెతకాలి. ఆ దారి ఎలా ఉంటుందో మనవాళ్లకు బాగా తెలుసు, రోజూ వాడుతున్నాం కూడా. యూపీఐ.

2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ యూపీఐ మొదలుపెట్టింది. కూరగాయల బండికి అంటించిన కోడ్ ఒక కంపెనీది, మీ ఫోన్‌లోని యాప్ ఇంకో కంపెనీది. అయినా డబ్బు చేరుతుంది. ఇంకో చిన్న సంగతి గమనించారా? ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక సైటు తెరిచి డబ్బు కట్టే బటన్ నొక్కితే, 'దేనితో కడతారు' అన్నట్టు మీ దగ్గరున్న యాప్‌ల వరస కనబడుతుంది. మీరు ఏ యాప్ వాడతారో ఆ సైటుకు తెలియదు. లింకు మొదట్లో యూపీఐ అన్న మూడక్షరాలుంటాయి. వాటిని చూసి ఫోనే అర్థం చేసుకుని మీ యాప్‌ను తెరుస్తుంది. సైటు మీద పడే పని శూన్యం, మీ మీద పడే పని ఒక్క నొక్కు.

ఫీడ్లకు కావలసింది అక్షరాలా ఇదే. సైటులో 'ఫాలో' నొక్కాలి, నా దగ్గర ఏ రీడర్ ఉంటే అది తెరుచుకోవాలి, ఆ సైటు అందులో చేరిపోవాలి. ఈ ఆలోచన ఎవరికీ రాలేదనుకోకండి. లింకు మొదట్లో 'ఫీడ్' అన్న మాట పెడితే రీడర్ తెరుచుకోవాలని చాలా ఏళ్ల కిందటే ప్రతిపాదించారు. కొన్ని బ్రౌజర్లు కొన్నాళ్లు మన్నించాయి కూడా. కానీ అది ప్రమాణంగా నిలబడలేదు. యూపీఐకి ఒక సంస్థ ఉంది, దాని వెనక రిజర్వు బ్యాంకు ఉంది, ఇలా చేయండి అంటే బ్యాంకులన్నీ చేయక తప్పదు. ఫీడ్ వెనక అలా చెప్పగలిగినవాళ్లు లేరు. బ్రౌజర్ కంపెనీలకు దానివల్ల పైసా రాదు. పైగా పాఠకుడు నేరుగా సైటుకు వెళ్లిపోతే వాళ్ల వ్యాపారాలకు కొంత నష్టమే.

సొంతదారు లేకపోవడం వల్ల ఒక మేలూ జరిగింది. గూగుల్ రీడర్ మూతబడినప్పుడు ఫీడ్లు చచ్చిపోలేదు. జనం తమ సైట్ల జాబితాను ఒక చిన్న ఫైలుగా దించుకుని వేరే రీడర్‌కు మోసుకుపోయారు. వాట్సాప్ ఛానెళ్లలో మీరు ఫాలో అయ్యే జాబితానంతా అలా మూటగట్టుకుని ఇంకో యాప్‌కు వెళ్లండి చూద్దాం.

2021లో గూగులే ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఒక 'ఫాలో' ఏర్పాటు పరీక్షించింది. సైటు తెరిచి, మెనూలో ఫాలో నొక్కితే, ఆ సైటు కొత్త రాతలు కొత్త ట్యాబు తెరిచినప్పుడు కనబడేవి. వెనకుండి పనిచేసింది ఫీడే. కావలసిన దిశ అదే. చేయి తిరిగినవాళ్లు తలుచుకుంటే ఎంత తేలికో అదొక్కటే చాలు చెప్పడానికి.

తెలుగువాళ్ల సంగతికొస్తే, మనం ఈ చిక్కును ఒకప్పుడు మన పద్ధతిలో విప్పుకున్నాం. రెండు వేల దశకం మొదట్లో తెలుగు దినపత్రికల సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడేవి. ఒకరి ఫాంటు మన కంప్యూటర్లో లేకపోతే తెరమీద చెత్త అక్షరాలే. వాటిని ఏ కంప్యూటర్లోనైనా కనబడే ఉమ్మడి అక్షర పద్ధతి యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అని ఒక పొడిగింపు ఉండేది. ఆ రోజుల్లో తెలుగులో ఫీడ్ అంటే ఎవరికి ఉపయోగం? బ్లాగులు వచ్చాక, అవి మొదటినుంచీ యూనికోడ్‌లోనే ఉండడంతో పరిస్థితి మారింది. తెలుగు టైపింగుకు 'లేఖిని' ఇచ్చిన వీవెన్, 'కూడలి' అని ఒక సైటు నడిపారు. తెలుగు బ్లాగుల ఫీడ్లన్నీ తెచ్చి కొత్తవి పైన, పాతవి కింద పేర్చి చూపేదది. జల్లెడ, హారం, మాలిక అని అలాంటివి మరికొన్ని వచ్చాయి.

కూడలి పాఠకుడు ఫీడ్ రీడర్ పెట్టుకోలేదు, చిరునామా కాపీ చేయలేదు, చందా అన్న మాటే తలుచుకోలేదు. ఒక పేజీ తెరిచాడు, చదివాడు. అందరి తరఫున ఒకరే చందా చేరిపోయారన్నమాట. మామూలు పాఠకుడికి ఫీడ్లు అందించే ఉపాయాల్లో నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచిది లేదు. ఇప్పుడైనా ఒక గ్రంథాలయం తన ఊరికి పనికొచ్చే సైట్లతో ఇలాంటి పేజీ పెట్టొచ్చు. ఒక బడి తెలుగు మాస్టారు పిల్లల కోసం పదిహేను సైట్ల జాబితా తయారుచేసి పంచొచ్చు. జాబితాను ఒకే ఫైలుగా ఇచ్చే పద్ధతి ముందే ఉందని చెప్పాను కదా, రీడర్‌లోకి ఎక్కిస్తే పదిహేనూ ఒకేసారి చేరిపోతాయి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, కొత్తగా రీడర్ యాప్ తెరిచినవాళ్లకు ఎదురయ్యేది ఖాళీ తెర. 'ఫీడ్ చిరునామా ఇవ్వండి' అంటుంది. ఎక్కడినుంచి ఇవ్వాలి? తెలుగు ఎంచుకున్నవాళ్లకు తెలుగు సైట్లు పేరుతో సహా ఎదురుగా కనబడాలి. ఇక రెండో రోజుకి ఇంకో బెడద, చదవనివి ఎన్ని ఉన్నాయో చూపే అంకె. గూగుల్ రీడర్‌లో అది వెయ్యి దాటితే 'వెయ్యికి పైగా' అని చూపేది. చదువుకుందామని వచ్చిన మనిషికి అది బాకీ చీటీలా కనబడుతుంది. ఆ అంకె అసలు చూపొద్దు, కొత్తవి పైనుంచి పారుతూ పోతుంటే చూసినన్ని చూస్తారు అని వైనర్ ఎప్పటినుంచో వాదిస్తూనే ఉన్నారు. ఈ విషయంలో నేను ఆయన పక్షం.

ఇవన్నీ సాహిత్యం చదువుకునేవాళ్ల కులాసా కబుర్లనుకోకండి. ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే పిల్లలు రోజూ సర్వీసు కమిషన్ల సైట్లు తెరిచి చూసుకుంటారు. లేకపోతే టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరతారు. అక్కడ అసలు నోటిఫికేషనూ, ఎవరో అల్లిన పుకారూ ఒకే వేషంలో వస్తాయి. నేరుగా కమిషన్ సైటునుంచే వచ్చే ఫీడ్ ఉండి, దాన్ని ఒక్క నొక్కుతో కలుపుకోగలిగితే మధ్యలో పుకారుకు చోటుండదు. ప్రభుత్వాలకు ఇది కొత్త విద్య కూడా కాదు. కేంద్రం పత్రికా సమాచార కార్యాలయం ఫీడ్లు ఇస్తోంది, రిజర్వు బ్యాంకు తన ప్రకటనలకు ఇస్తోంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి 'సచేత్' నుంచి తుపాను, పిడుగు హెచ్చరికలు కూడా ఫీడ్ రూపంలో వెలువడతాయి. కోస్తా జిల్లాలవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే చందా ఏముంటుంది? కానీ ఆ ఫీడ్లు ఉన్నాయని తెలిసింది ప్రోగ్రామర్లకే. హెచ్చరిక ఉంది, తీగ ఉంది, చివర మీట లేదు.

బ్రౌజర్లు మారేదాకా ఆగడం ఎందుకనుకునే శ్రోతలకు ఇప్పటికిప్పుడు చేసుకోదగ్గ పని ఒకటి చెబుతాను. ఆండ్రాయిడ్ ఫోనైతే 'ఫీడర్' అనే యాప్, ఐఫోనైతే 'నెట్‌న్యూస్‌వైర్', రెండూ ఉచితం. రెండూ ఖాతా తెరవమని అడగవు. కంప్యూటర్లో థండర్‌బర్డ్ వాడేవాళ్లకు అందులోనే ఫీడ్లు చదివే ఏర్పాటుంది. యాప్ తెరిచి కూడిక గుర్తు నొక్కి, ఫీడ్ చిరునామా కోసం తంటాలు పడకుండా, సైటు మామూలు చిరునామానే ఇవ్వండి. చాలా సైట్లు తమ ఫీడ్ ఎక్కడుందో మన కంటికి కనబడని చోట రాసిపెట్టుకుంటాయి, యాప్ దాన్ని వెతికి పట్టుకుంటుంది. దొరకకపోతే చిరునామా చివర ఒక ఏటవాలు గీత పెట్టి ఇంగ్లీషులో 'ఫీడ్' అని కొట్టి చూడండి. వర్డ్‌ప్రెస్ మీద నడిచే సైట్లకు సాధారణంగా అది చాలు. బీబీసీ తెలుగుకు ఫీడ్ ఉంది. తెలుగు వికీపీడియాలో మీకు ఆసక్తి ఉన్న ప్రతి వ్యాసానికీ, దానిలో మార్పులు తెలిపే ఫీడ్ దాని చరిత్ర పేజీలో ఉంటుంది. మీ ఊరి గురించిన వ్యాసంలో ఎవరేం రాస్తున్నారో ఓ కన్నేసి ఉంచొచ్చు. యూట్యూబ్ ఛానెళ్లకు కూడా ఉన్నాయి, కావాలంటే.

చివరిగా తెలుగు సైట్లు, వెబ్ పత్రికలు నడిపేవారికి ఒక మాట. మీకు ఫీడ్ ఉండే ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. మీ ఫోన్‌లో ఒక రీడర్ పెట్టుకుని మీ సైటును మీరే కలిపి చూడండి. కలవడం లేదంటే చూడవలసినవి రెండున్నాయి. ఏదో ప్లగిన్ ఫైలు మొదట్లో ఒక ఖాళీ లైను వదిలి ఉండొచ్చు, ఆ ఒక్క లైనుకే కొన్ని రీడర్లు ఫీడ్ మొత్తాన్ని తోసిపుచ్చుతాయి. లేదా మీ భద్రతా ఏర్పాటు, వచ్చిన ప్రతివాణ్నీ 'నువ్వు మనిషివేనా' అని నిలదీస్తూ ఉండొచ్చు. పాపం ఫీడ్ రీడర్ మనిషి కాదు కదా, ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఫీడ్ ఉన్న దారికి మాత్రం ఆ కాపలా తీసేయమని మీ సాంకేతిక మిత్రుడికి చెప్పండి. అలాగే వర్డ్‌ప్రెస్ సెట్టింగులలో 'రీడింగ్' అన్నచోట, ఫీడ్‌లో పూర్తి వ్యాసం ఇవ్వాలా, సారాంశం చాలా అని ఒక ఎంపిక ఉంటుంది. పూర్తి వ్యాసం వైపు మార్చండి. సిగ్నల్ అందని బస్సు ప్రయాణంలో కూడా మీ పాఠకులు చదువుకుంటారు.